దావ కొత్తది.. మ్యాప్ పాతది!

కారులోని నావిగేషన్‌కు వేలు పోసి అప్‌డేట్ చేయించాలా.. వద్దా?

రాయకోట: కారు ముందు భాగంలో తెర ఉంది. తెర మీద మ్యాప్ ఉంది. మ్యాప్‌లో రాయకోట కూడా ఉంది. కానీ బండి కొత్త రోడ్డు ఎక్కగానే తెర మీది బాణం గుర్తు పొలాల్లో ఈదుతూ పోతుంది! రోడ్డే లేని చోట కారు నడుస్తున్నట్టు చూపిస్తుంది. వెనక్కి తిరగమని ఇంగ్లీషులో పదే పదే మొత్తుకుంటుంది. లోపల కూర్చున్న పిల్లలకు నవ్వులాట. తెలియని ఊరికి రాత్రిపూట పోతున్న పెద్దవాళ్లకు మాత్రం గుండె దడ.

బెంగుళూరులో వాడిన కార్లు కొని తెచ్చుకోవడం మన హోసూరు, కెళమంగలం, రాయకోట వైపు మామూలే. పదేళ్ల కిందటి పెద్ద మోడల్ కారు ఈరోజు చిన్న కొత్త కారు కంటే తక్కువకే వస్తుంది. అందులో దావ చెప్పే తెర కూడా ఉంటే కొనేవాడికి అదో సంబరం. ఆ సంబరం మొదటి ప్రయాణం దాకానే. సర్వీసుకు ఇచ్చినప్పుడు 'మ్యాప్ అప్‌డేట్ చేయమంటారా సార్' అని అడుగుతారు. ఎంతవుతుంది అంటే ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. కొన్నింటిలో ఉచితం. కొన్నింటిలో వేలల్లో ఉంటుంది, దానిమీద సర్వీసు చార్జీ, 18 శాతం జీఎస్టీ. మరి కొన్ని మోడళ్లకైతే కొత్త మ్యాప్ రావడమే ఆగిపోయింది. చేతిలో ఫోను ఉండగా ఈ ఖర్చు ఎందుకప్పా అనేది ఇప్పుడు ప్రశ్న.

తప్పు ఉపగ్రహానిది కాదు..

దావ తప్పగానే 'జీపీఎస్ పనిచేయడం లేదు' అంటాం. నిజానికి అది బాగానే పనిచేస్తూ ఉంటుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు చేసే పని ఒక్కటే. మీరు భూమ్మీద ఎక్కడున్నారో లెక్క కట్టుకునేందుకు సంకేతాలు పంపడం. దానికి ఎవరూ పైసా కట్టనక్కర్లేదు. అమెరికా జీపీఎస్‌లో పౌరులకు కావాలనే కొంత తేడాతో ఇచ్చే పద్ధతిని 2000 మే నెలలో ఎత్తేశారు. మన దేశం కూడా 2013 నుంచి సొంత ఉపగ్రహాలు పంపుతోంది. నావిక్ అని పేరు. ఆ వరుసలో రెండో తరం మొదటి ఉపగ్రహం 2023 మే 29న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది.

ఉపగ్రహం మీ బండి ఉన్న చోటు చెబుతుందే గానీ, అక్కడ రోడ్డుందో చెరువుందో దానికి తెలియదు. ఆ సంగతి చెప్పాల్సింది కారులో దాచిన మ్యాప్. అది ఒక చిన్న కార్డులోనో, లోపలి మెమరీలోనో ఉంటుంది. కారు తయారైన ఏడాది ఏ రోడ్లు అందులో ఎక్కాయో అవే దానికి లోకం. ఆ తర్వాత ఎన్ని వంతెనలు కట్టినా, ఎన్ని బైపాస్‌లు వేసినా దానికి పట్టదు. పదేళ్ల కిందటి పంచాంగం చూసి నేటి తిథి చెప్పినట్టు ఉంటుంది దాని వ్యవహారం.

మన రోడ్లే ఎక్కువ మారాయి

దేశంలో ఏ మూల ఉన్నవాళ్లకైనా ఈ తిప్పలు ఉన్నాయి. కానీ మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మనకు మరీ ఎక్కువ. ఎందుకంటే ఈ పదిహేనేళ్లలో ఇక్కడ మారినన్ని దారులు, పేర్లు, నెంబర్లు మరో చోట అరుదు.

ముందు నెంబర్ల సంగతి చూడండి. మన పెద్దలకు హోసూరు మీదుగా పోయేది ఎన్‌హెచ్ 7. జాతీయ రహదారులకు 2010లో కొత్త నెంబర్లు ఇచ్చారు. దాంతో అది 44 అయింది. మదనపల్లె, కుప్పం మీదుగా కృష్ణగిరి చేరే పాత 219 ఇప్పుడు 42లో భాగం. కృష్ణగిరి నుంచి రాణిపేట వైపు పోయే పాత 46 ఇప్పుడు 48. పాత మ్యాప్ '7 మీదికి ఎక్కండి' అంటుంది. రోడ్డు పక్క బోర్డు మీద 44 అని ఉంటుంది. ఊరివాడికి నవ్వొస్తుంది. కడప నుంచో కర్నూలు నుంచో పెళ్లికి వచ్చిన చుట్టానికి తికమక.

రాయకోట దారి కథ ఇంకా పెద్దది. హోసూరు నుంచి ఉద్దనపల్లి, రాయకోట, పాలకోడు మీదుగా ధర్మపురి పక్కన అదియమాన్‌కోట దాకా పోయేది ఒకప్పుడు రాష్ట్ర రహదారి. తర్వాత అది జాతీయ రహదారి 844 అయింది. దాన్ని నాలుగు వరుసలు చేసే పనులు మూడు ముక్కలుగా మొదలుపెట్టారు. కర్ణాటకలోని నేరళూరు నుంచి తొరపల్లి అగ్రహారం దాకా ఒకటి. రాజాజీ పుట్టిన ఊరు ఈ తొరపల్లే. అక్కడి నుంచి జిట్టాండహళ్లి దాకా రెండోది. ఆపైన ధర్మపురికి మూడోది. ఇలాంటి పనులు జరిగే కాలంలో ఈ నెల ఉన్న మలుపు వచ్చే నెల ఉండదు. నిన్న ఎడమకు తిప్పిన చోట నేడు మట్టికుప్ప ఉంటుంది. డబ్బు పోసి ఈరోజు కొత్త మ్యాప్ వేయించినా ఆ మట్టికుప్ప అందులో ఉండదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

బెంగుళూరు దారిలో ఎలక్ట్రానిక్ సిటీ పై వంతెన 2010 జనవరిలో తెరిచారు. దాదాపు పది కిలోమీటర్ల పొడవు. దానికంటే ముందు తయారైన మ్యాప్ ఉన్న కారు పైన పోతున్నా కింద పోతున్నట్టే అనుకుంటుంది. సిల్క్‌బోర్డు దగ్గర రెండంతస్తుల వంతెనలో ఒక వైపు 2024 జులైలో తెరిచారు. బెంగుళూరు చుట్టూ తిరిగే శాటిలైట్ రింగ్ రోడ్డులో దొబ్బస్‌పేట నుంచి హొసకోట దాకా ఉన్న భాగం కూడా 2024లో మొదలైంది. బెంగుళూరు, చెన్నై ఎక్స్‌ప్రెస్ హైవే 262 కిలోమీటర్లు మన చిత్తూరు జిల్లా మీదుగా వేస్తున్నారు. నిమ్హాన్స్‌కు రోగిని తీసుకుపోయేవాళ్లు, వేలూరు సీఎంసీకి పోయేవాళ్లు ఈ మార్పులు తెలియని తెరను నమ్ముకుంటే గంటల తరబడి తిరుగుడే. ఆ గంటకు ఖరీదు కట్టేదెవరు?

ఊళ్ల పేర్లు, జిల్లాల గీతలు కూడా నిలవలేదు. 2014 నవంబరు 1న బెంగుళూరు ఇంగ్లీషు పేరు మారింది. తమిళనాడులో తిరుపత్తూరు, రాణిపేట జిల్లాలు 2019లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. జిల్లా పేరు మొదట నొక్కి, తర్వాత ఊరు వెతికే పాత తెరల్లో తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంటుంది. దేవుడు కదిలిపోలేదు గానీ జిల్లా మారింది మరి.

చేతికొచ్చేనాటికే ఏడాది పాతది

కారు కంపెనీలు మ్యాప్ తయారు చేయవు. మ్యాప్ కంపెనీల దగ్గర కొంటాయి. మన దేశంలో పేరున్నది 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా. 2021 డిసెంబరులో స్టాక్ మార్కెట్‌లోకి కూడా వచ్చింది. దాని ఫోన్ యాప్ పేరు మ్యాపుల్స్. ప్రపంచంలో పెద్దది హియర్. ఇది ఒకప్పటి నావ్‌టెక్. నోకియా చేతిలో ఉండేది. ఆడి, బీఎండబ్ల్యూ, డైమ్లర్ కంపెనీలు మూడూ కలిసి 2015లో దాన్ని కొనేందుకు ఒప్పందం చేసుకున్నాయి. మన హైదరాబాద్‌లో శాట్‌నావ్ టెక్నాలజీస్ అనే సంస్థ శాట్‌గైడ్ పేరుతో 2000ల్లోనే మలుపు మలుపుకూ దావ చెప్పే సాఫ్ట్‌వేర్ అమ్మింది. ఆ రోజుల్లో అద్దానికి అతికించే చిన్న తెరలు, వాటిలో ఈ మ్యాప్‌లు.. అబ్బో, వాటికున్న గిరాకీ!

మ్యాప్ కంపెనీ మనుషులు రోడ్ల మీద తిరిగి కొలతలు తీసుకుంటారు. ఏ రోడ్డు ఒకవైపు, ఎక్కడ మలుపు లేదు, ఎక్కడ పెట్రోలు బంకు ఉంది, అన్నీ ఎక్కిస్తారు. ఏడాదిలో కొన్నిసార్లు కొత్త ప్రతి బయటికి వస్తుంది. కారు కంపెనీ దాన్ని తీసుకుని తన తెరకు సరిపోయేట్టు మార్చుకోవాలి. పరీక్షించుకోవాలి. ఆ తర్వాత డీలర్‌కు పంపాలి. ఇదంతా అయ్యేసరికి నెలలు గడుస్తాయి. చాలా కంపెనీలు ఏడాదికి ఒకసారి మించి ఇవ్వవు. అంటే మనం డబ్బు కట్టి 'కొత్తది' అని వేయించుకునేది చేతికి వచ్చేనాటికే కొన్ని నెలల నుంచి ఏడాది దాకా పాతబడి ఉంటుంది. ఊరి సంతలో టమోటా అయితే ఆ వయసుకు ఎవరూ ముట్టుకోరు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లను అడిగితే తెలుస్తుంది. అక్కడ పదేళ్ల కిందటి జపాన్ కార్లలో మ్యాప్ డిస్కు మార్చాలంటే 150 డాలర్లు, ఆపైన అడగడం మామూలు. నేటి లెక్కలో పన్నెండు వేల రూపాయల పైమాట. ఫోనులో ఉచితంగా వచ్చేదానికి అంత ఎందుకని చాలామంది ఆ తెరను అలాగే వదిలేశారు.

ఇంతకీ కారులో మ్యాప్ తెర అనేది కొత్త ముచ్చటేమీ కాదు. జపాన్‌లో హోండా 1981లోనే ఇలాంటిది పెట్టింది. అప్పట్లో ఉపగ్రహం లేదు. పారదర్శకమైన మ్యాప్ కాగితాలను డ్రైవరే మార్చుకోవాలి. అమెరికాలో 1985లో ఎటాక్ అనే కంపెనీ క్యాసెట్లలో మ్యాప్‌లు అమ్మింది. పాటల క్యాసెట్లలాగే. ఊరు దాటితే క్యాసెట్ మార్చాలి. నలభై ఏళ్లలో తెర మారింది గానీ 'కొత్త మ్యాప్‌కు మళ్లీ డబ్బు' అనే వ్యాపారం మారలేదు.

ఐదు వేలు పోస్తే..

లెక్క వేసి చూద్దాం. అప్‌డేట్‌కు, కూలికి, పన్నుకు కలిపి ఐదు వేలు అడిగారనుకుందాం. రాయకోటలో టమోటా మండీకి, పొలానికి, హోసూరుకు, కృష్ణగిరికి తిరిగే మనిషికి తెర అవసరం లేదు. తెలియని ఊళ్లకు ఏడాదిలో పది సార్లు పోతాడేమో. అంటే ఒక్కో ప్రయాణానికి దావ అడిగిన ఖర్చు ఐదు వందలు! రోడ్డు పక్క టీ తాగి, కొట్టువాడిని అడిగితే పది రూపాయల్లో పని అయిపోతుంది. పైగా కొట్టువాడు చెప్పే దావ ఆరోజుది.

అదే టాక్సీ నడిపేవాడికి లెక్క వేరు. రోజూ తెలియని చోటుకే పోతాడు. కానీ ఆయన చేతిలో ఫోను ఎలాగూ ఉంటుంది. సవారీ కబురు వచ్చేదే అందులో. కాబట్టి ఆయనకూ కారు తెర మీది మ్యాప్ రెండోదే అవుతుంది.

సూటిగా చెప్పాలంటే మామూలు కారులో ఉచితంగా వచ్చే అప్‌డేట్ వదులుకోవద్దు, వేలు అడిగితే మాత్రం చాలామందికి అది దండగ. పాత మోడల్‌కు 'ఇదే చివరి మ్యాప్' అని కంపెనీ చెప్పేసిన చోట మరీ దండగ. మన మార్కెట్ వదిలి వెళ్లిన కంపెనీల కార్లున్నవాళ్లు ఈ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. విడిభాగాలు దొరకడం వేరు, మ్యాప్ దొరకడం వేరు.

ఈమధ్య కార్లలో ఇంకో తిరకాసు ఉంది. తెరకు సిమ్ కార్డు లోపలే పెట్టి ఇస్తున్నారు. మ్యాప్ దానంతట అదే కొత్తది తెచ్చుకుంటుంది. చాలా మోడళ్లకు మొదట కొన్నేళ్లు ఉచితం అంటారు. ఆ గడువు తీరాక ఏటా చందా. కొనేనాడు ఎవరూ ఆ కాగితం చదవరు. వాడిన కారు కొనేవాడికైతే ఉచిత గడువు అప్పటికే అయిపోయి ఉంటుంది. బేరం ఆడేటప్పుడే ఈ మాట అడగండి. అమెరికాలో 2022లో 3జీ సిగ్నళ్లు తీసేసినప్పుడు కొన్ని పాత కార్లలో ఇలాంటి సేవలు శాశ్వతంగా ఆగిపోయాయి.

తీసిపారేయాల్సిందీ కాదు..

అలాగని కారు మ్యాప్ పనికిరానిదని అనుకుంటే పొరపాటే. రాయకోట నుంచి డెంకణికోట దాటి అంచెట్టి, ఉరిగం వైపు పోయి చూడండి. అడవి, ఏనుగులు, మలుపులు. ఫోను సిగ్నల్ ఉన్నట్టుండి పోయే చోట్లు అవి. దారిలో ఫోను మ్యాప్ నిలిచిపోతే కొత్తవాళ్లు బిక్కమొహం వేస్తారు. కారులోని మ్యాప్‌కు సిగ్నల్‌తో పని లేదు. అంతా లోపలే ఉంటుంది. అడవి రోడ్లు ఏటేటా మారవు కాబట్టి పాత మ్యాప్ అయినా అక్కడ బాగానే ఉపయోగపడుతుంది. హైవే మీద దారి తప్పించే అదే తెర అడవిలో దారి చూపిస్తుంది!

మరో మేలు కూడా ఉంది. కంపెనీ అమర్చిన తెరలు చాలావరకు చక్రాల వేగాన్ని, బండి తిరిగిన కోణాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. సొరంగంలోనో, పెద్ద వంతెన కిందో ఉపగ్రహ సంకేతం అందకపోయినా కాసేపు అంచనాతో దారి చూపుతాయి. జేబులోని ఫోనుకు చక్రం ఎంత తిరిగిందో తెలియదు. ఎండకు ఫోను వేడెక్కి ఆగిపోయే బాధ కూడా వీటికి తక్కువ. విద్యుత్ కార్లలో అయితే చార్జి ఎంత దూరానికి సరిపోతుంది, మధ్యలో ఎక్కడ ఆగాలి అని బ్యాటరీతో కలిపి లెక్క కట్టేవి ఉన్నాయి. వేగ పరిమితులు చూపడం, మలుపుకు ముందు హెచ్చరించడం లాంటివి మ్యాప్ మీద ఆధారపడే కార్లూ ఉన్నాయి. అలాంటి వాటిలో అప్‌డేట్‌కు అర్థం ఉంది. కొంచెం డబ్బు అడిగినా ఆలోచించవచ్చు.

ఫోనునే నమ్ముకుంటే?

మన దేశంలో గూగుల్ మ్యాప్స్ మాటలతో దావ చెప్పడం మొదలుపెట్టింది 2012లో. అప్పటి నుంచే కారు తెరలకు గడ్డుకాలం. ఆ తర్వాత ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే వచ్చాయి. వైరు తగిలిస్తే ఫోనులోని మ్యాప్ కారు తెర మీద పెద్దగా కనిపిస్తుంది. కారులో ఈ సౌకర్యం ఉంటే మ్యాప్ కోసం వేరే ఖర్చు అక్కర్లేదనే చెప్పాలి. పాత మోడల్ అయినా, కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఈ సౌకర్యం వస్తుందేమో సర్వీసు సెంటరులో అడగడం మంచిది. మ్యాప్ అప్‌డేట్ వేరు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేరు. రెండోది చాలాసార్లు ఉచితం. దాని అవసరం కూడా ఉంటుంది. 2022 జనవరి 1న ప్రపంచంలో చాలా చోట్ల పాత హోండా కార్ల నావిగేషన్ గడియారాలు ఉన్నట్టుండి 2002కు వెళ్లిపోయాయి. లోపలి తేదీ లెక్కలో తేడా. కొత్త మ్యాప్ వేసుకున్నంత మాత్రాన తీరే రోగం కాదది.

సిగ్నల్ లేని చోట్లకు మందు ఫోనులోనూ ఉంది. బయలుదేరే ముందు ఇంట్లో వైఫై దగ్గరే ఆ ప్రాంతం మ్యాప్‌ను ఫోనులోకి దించుకోవచ్చు. మనవాళ్లలో ఈ పని చేసేవాళ్లు తక్కువ. అంచెట్టి వైపు పోయేవాళ్లు తప్పక చేయాల్సిన పని.

వాట్సాప్‌లో పెళ్లివాళ్లు మండపం లొకేషన్ పంపుతారు. వేలు పెట్టి నొక్కితే ఫోను అక్కడికి తీసుకుపోతుంది. పాత కారు తెరకు ఆ లొకేషన్ ఎక్కించే దారే లేదు. మండపం పేరు ఇంగ్లీషులో అక్షరం అక్షరం కొట్టాలి. కొట్టినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఈ ఒక్క తేడా చాలు, కారు మ్యాప్‌లు ఎందుకు వెనకబడ్డాయో చెప్పడానికి.

కానీ ఫోను కూడా దేవుడేం కాదు. ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర 2024 నవంబరులో రామగంగ నది మీద సగం తెగిన వంతెన మీదికి కారు పోయి పడి ముగ్గురు చనిపోయారు. ఫోను మ్యాప్ చూసుకుంటూ వెళ్లారన్నది వచ్చిన ఆరోపణ. కేరళలో 2023 అక్టోబరులో కుండపోత వానలో అర్ధరాత్రి కారు నదిలోకి దూసుకుపోయి ఇద్దరు యువ వైద్యులు మరణించారు. అక్కడా మ్యాప్ మాటే వినిపించింది. రోజూ కొత్తదనం తెచ్చుకునే మ్యాప్‌కే ఈ గతి పడితే, పదేళ్ల పాతదాన్ని వానరాత్రి గుడ్డిగా నమ్మవచ్చా? ముందు అద్దంలోంచి రోడ్డు చూడాలి, ఆ తర్వాతే తెర.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం బండి నడిపేటప్పుడు చేతి ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే వాడాలి. అది కూడా ధ్యాస చెదరకుండా. చేత్తో పట్టుకుని మాట్లాడితే జరిమానా తప్పదు. వందో రెండొందలో పెట్టి ఫోను నిలబెట్టే స్టాండ్ కొంటే, అది వేల రూపాయల అప్‌డేట్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

మ్యాప్‌ల పోరు మన జిల్లాలోనే

దావ చెప్పే తెరలు స్కూటర్లకూ వచ్చేశాయి. వాటిలో పేరున్నవి తయారయ్యేది మన పెరట్లోనే. హోసూరులో తయారయ్యే ఏథర్ 450 స్కూటర్ల తెర మీద గూగుల్ మ్యాప్స్ నేరుగా కనిపిస్తుంది. హోసూరులో పెద్ద ఫ్యాక్టరీ ఉన్న టీవీఎస్ 2018లో తెచ్చిన ఎన్‌టార్క్‌లో ఫోనును బ్లూటూత్‌తో కలిపితే మలుపు గుర్తులు వస్తాయి. కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఫ్యాక్టరీ పెట్టిన ఓలా ఎలక్ట్రిక్‌ది మరో కథ. దాని టాక్సీ సంస్థ 2024 జులైలో గూగుల్‌ను వదిలి సొంత మ్యాప్‌లకు మారింది. గూగుల్‌కు ఏటా 100 కోట్లు కడుతున్నామని చెప్పుకుంది. తమ మ్యాప్ సమాచారాన్ని కాపీ చేశారంటూ మ్యాప్‌మైఇండియా ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు పంపింది. ఓలా దాన్ని కాదంది. ఆ గొడవ నడుస్తుండగానే గూగుల్ మన దేశంలోని కంపెనీలకు తన మ్యాప్ ధరలు 70 శాతం దాకా తగ్గించింది. పెద్ద కంపెనీల మధ్యే మ్యాప్ ధర ఇలా కిందా మీదా పడుతుంటే, సర్వీసు సెంటరులో మనకు చెప్పే ధర మాత్రం రాతి మీద రాసినట్టు ఉండాలా? గట్టిగా అడిగి చూడండి.

రాయకోటను ఎలా రాయాలి?

మన సరిహద్దు తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఉన్న చిక్కు ఒకటుంది. ఊరు మనకు రాయకోట. తమిళంలో రాయక్కోట్టై. బ్రిటిష్‌వాళ్ల పాత కాగితాల్లో మరో స్పెల్లింగు. మన కొండ మీది కోటను 1791 జులైలో మైసూరు యుద్ధంలో వాళ్లు పట్టుకున్నప్పటి నుంచి ఈ పేరును ఎవరికి తోచినట్టు వాళ్లు రాశారు. డెంకణికోట, శూలగిరి, బేరికె.. అన్నింటిదీ ఇదే వరస. పాత కారు తెరలకు ఇంగ్లీషు అక్షరాలు అచ్చంగా అవే పడాలి. చివర ఒక అక్షరం తక్కువైతే 'దొరకలేదు' అంటుంది. పైగా 2020 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 1,018 ఊళ్ల ఇంగ్లీషు స్పెల్లింగులు మార్చుతూ ఉత్తర్వు బయటపెట్టి, విమర్శలు రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అది నిలిచి ఉంటే పాత మ్యాప్‌లన్నీ మరోసారి మూలకు పడేవి.

ఫోను ఈ విషయంలో ఎంతో మేలు. తప్పు స్పెల్లింగునూ అర్థం చేసుకుంటుంది. తెలుగులో నోటితో అడిగినా వింటుంది. గూగుల్ మ్యాప్స్ 2018 మార్చి నుంచి తెలుగు, తమిళం, కన్నడంలో కూడా దావ చెబుతోంది. ఇంగ్లీషు రాని అమ్మ కారులో పక్కన కూర్చుని 'కుడికి తిరగమంటోంది రా' అని చెప్పగలదు. పాత కారు తెరల్లో ఇంగ్లీషు, మహా అయితే హిందీ. ఐదు వేలు పోసి అప్‌డేట్ చేసినా వాటికి తెలుగు వస్తుందనే ఆశ పెట్టుకోవద్దు.

చేయించక తప్పకపోతే..

కొందరికి ఉచితంగా వస్తుంది, కొందరికి కావాలనే ఉంటుంది. అలాంటివాళ్లు ముందు తెరలో సెట్టింగుల్లోకి పోయి మ్యాప్ ఏ ఏడాదిదో చూసుకోవాలి. తర్వాత సర్వీసు సెంటరులో కొత్త మ్యాప్ ఏ నెలదో అడగాలి. 'లేటెస్ట్' అనే మాటకు విలువ ఇవ్వొద్దు, తేదీ అడగండి. అందులో 844 కొత్త రోడ్డు, మీరు ఎక్కువగా పోయే బైపాస్ ఉన్నాయా అని తెర మీదే చూపించమనండి. లేకపోతే డబ్బెందుకు?

కొన్ని కంపెనీలు వెబ్‌సైటులో ఉచితంగా పెడతాయి. ఇంట్లోనే పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని కారుకు తగిలించవచ్చు. ఫైలు చాలా జీబీలు ఉంటుంది కాబట్టి మొబైల్ డేటాతో కుస్తీ పట్టకండి. ఎక్కేటప్పుడు అరగంట నుంచి గంటన్నర దాకా పట్టవచ్చు. మధ్యలో బండి ఆఫ్ చేస్తే, బ్యాటరీ దిగిపోతే తెర మొత్తానికే మొరాయిస్తుంది. ఆ తెరలోనే పాటలు, వెనక కెమెరా అన్నీ ఉంటాయి. బాగు చేయాలంటే అప్‌డేట్ కంటే ఎన్నో రెట్లు ఖర్చు. ఇంజను ఆన్‌లో ఉంచి, గాలి ఆడే బయటి చోట చేయడం మంచిది. మూసిన షెడ్డులో వద్దు, పొగ ప్రమాదం.

తక్కువకు కాపీ కార్డు ఇస్తామనే వాళ్లు ఏ పట్నంలోనైనా ఉంటారు. చాలా కంపెనీల్లో కార్డుకు, కారుకు గుర్తింపు నెంబరు ముడిపెట్టి ఉంటుంది. కాపీ కార్డు పెడితే తెర దాన్ని చదవదు. డబ్బు పోయినట్టే. దొంగ సరుకు కాబట్టి అడిగే దిక్కూ ఉండదు.

వాడిన కారు కొన్నవాళ్లు, అమ్మేవాళ్లు మరో పని చేయాలి. ఆ తెరలో పాత యజమాని ఇల్లు, ఆఫీసు, తిరిగిన చోట్లు, ఫోను నెంబర్లు అన్నీ దాగి ఉంటాయి. అమ్మే ముందు 'ఫ్యాక్టరీ రీసెట్' కొట్టి తుడిచేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక మీ ఊరి కొత్త రోడ్డు ఏ మ్యాప్‌లోనూ లేదంటే అది ఎక్కించే అవకాశం మీ చేతిలోనే ఉంది. గూగుల్ మ్యాప్స్, మ్యాపుల్స్ రెండింటిలోనూ తప్పు దిద్దమని, రోడ్డు మూసి ఉందని చెప్పే మీట ఉంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అయితే ఎవరైనా ఖాతా తెరిచి రోడ్డు గీయవచ్చు. ఊరి పేరును తమిళం, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ రాయడానికి అందులో వేరే గడి ఉంటుంది. ఉద్దనపల్లి చుట్టుపక్కల పల్లెల పేర్లు మన నోట పలికే తీరులో అక్కడ ఉన్నాయో లేవో ఈ సాయంత్రం ఒకసారి తెరిచి చూడండి.